కూర్చుని ఆడే ఆట

"అయ్యో, నువ్వు లేవకు, నేను తెచ్చుకుంటానుగా" అన్నాడు ఆమె భర్త. అనేసరికే ఆమె వంటింటి గుమ్మం దాటింది. ఆయన నోట ఆ మాట ఎప్పుడూ అంతే, మనిషి లేచి నాలుగడుగులు వేశాక గానీ బయటికి రాదు. ఉప్పు తెచ్చి బల్ల మీద పెట్టి కూర్చుంది. ముద్ద నోట్లో పెట్టుకుందో లేదో, "అమ్మాయ్, ఈ నీళ్లు మరీ చల్లగా ఉన్నాయే, కాసిని వేడివి కలిపి తెస్తావా?" అంది అత్తగారు. మళ్లీ లేచింది. తర్వాత కూతురికి చెంచా. ఆ తర్వాత ఎవరో బెల్లు కొడితే తలుపు. ఒక్క భోజనంలో నాలుగుసార్లు. ఎడమకాలికి మోకాలి కింద నుంచి ప్లాస్టిక్కూ ఇనుమూ ఉన్న మనిషి అన్నిసార్లు లేచి కూర్చుంటే తొడుగు ఒరుసుకుని మంటపుడుతుంది. ఆ మంట సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్తే "అందుకే లేవొద్దన్నాను" అంటారు. లేవకపోతే మాత్రం ఉప్పు బల్ల మీదికి రాదు.

సైన్యంలో పదకొండేళ్లు అంబులెన్సు నడిపిందామె. గాయపడ్డవాళ్లను వెనకాల పడుకోబెట్టుకుని, లైట్లు ఆర్పేసిన కొండదారుల్లో, ఒక చేత్తో స్టీరింగూ ఇంకో చేత్తో వైర్‌లెస్సూ పట్టుకుని నడిపింది. ఒకరోజు బండి ముందు చక్రం కింద మందుపాతర పేలింది. వెనక ఉన్న ఇద్దరూ బతికారు. ఆమె కాలు పోయింది. పతకం ఇచ్చి ఇంటికి పంపారు. ఇంట్లోవాళ్లు కళ్లనీళ్లు పెట్టుకున్నారు, వారం రోజులు మంచం దగ్గరికే అన్నీ అందించారు. ఎనిమిదో రోజున పనిమనిషిని మానిపించారు. "నువ్వొచ్చేశావుగా" అన్నాడాయన. "ఇన్నాళ్లూ దేశానికి చేశావు, ఇక మాక్కూడా కాస్త చెయ్యి" అంది అత్తగారు నవ్వుతూ. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ రోజు నవ్వకుండా ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకుంది. ఆయన చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే పోట్లాడటం ఎంత తేలికో! మంచివాళ్లతో వచ్చిన చిక్కే అది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు.

వారానికి మూడు రోజులు పొద్దున్నే ఆమె గాయపడ్డ సైనికుల పునరావాస కేంద్రానికి వెళ్తుంది. ఇంట్లో దాని పేరు 'ఫిజియో'. వ్యాయామం తప్పనిసరి అని డాక్టరు రాసిచ్చిన చీటీని ఫ్రిజ్ తలుపుకి అంటించి మరీ అనుమతి సంపాదించింది. మందు కాబట్టి ఒప్పుకున్నారు. ఆడదానికి తనకోసం రెండు గంటలు కావాలంటే ముందు ఏదో ఒక జబ్బు ఉండాలి కాబోలు అని ఆమెకు ఒళ్లు మండేది. కానీ ఆ రెండు గంటలూ పోతాయేమోనన్న భయంతో అక్కడ జరిగేది ఆట అని, ఆ ఆటలో తను పగలబడి నవ్వుతుందని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

అది కూర్చుని ఆడే వాలీబాల్. వచ్చినవాళ్లు కృత్రిమ కాళ్లు విప్పి, బడి బయట చెప్పుల్లా గోడవారగా వరసగా పెడతారు. నెట్టు నిలబడ్డ మనిషి నడుము ఎత్తులో ఉంటుంది. చేతులతో నేలను నెట్టుకుంటూ అటూ ఇటూ జరగాలి. ఒక నియమం మాత్రం బహు కఠినం. బంతిని కొట్టేటప్పుడు ఒళ్లు నేలను వదలకూడదు. కాస్త పైకి లేచారా, విజిల్ మోగుతుంది, పాయింటు అవతలివాళ్లకు పోతుంది. కోచ్ ఒంటిచేతి మనిషి, ఒకప్పుడు పారాచూట్లతో దూకడం నేర్పిన అధికారిణి. అందరూ ఆవిణ్ణి 'విజిలమ్మ' అంటారు. ఎదురుగానే అంటారు, ఆవిడేమీ అనుకోదు.

మిగతావాళ్లందరికీ లేచే అలవాటు రెండు నెలల్లో వదిలింది. ఈ డ్రైవరమ్మకు మాత్రం వదల్లేదు. బంతి దగ్గరికొస్తే చాలు, ఉన్న కాలు దానంతటది నేలను తన్నేది.

"నన్ను చూసి నేర్చుకోవే" అనేది 'రేడియో' అన్న మారుపేరున్న ఆటగత్తె. సైన్యంలో వైర్‌లెస్ ఆపరేటరుగా చేసి, రెండు కాళ్లూ పోగొట్టుకున్న మనిషి. నోటికి మాత్రం స్విచ్చి లేదు. "నాకు లేద్దామన్నా కాళ్లు లేవు. హాయి!"

"లేవకు! కూర్చో!" విజిలమ్మ అరుపుకి కిటికీలు అదిరేవి. ఒకరోజు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగింది. "ఇంట్లో నిన్నెవరు పిలుస్తుంటారు?"

"అందరూ" అంది ఆమె.

అందరూ గొల్లున నవ్వారు. ఆ 'కూర్చో' అన్న మాట మాత్రం ఇంటికెళ్లే బస్సులోనూ ఆమెను వదల్లేదు. ముప్పై ఎనిమిదేళ్లలో 'కూర్చో' అని తనను గట్టిగా ఆజ్ఞాపించినవాళ్లెవరు? సైన్యంలోనూ నిలబడమనే నేర్పారు. ఇంట్లో లేవొద్దంటారు, నిజమే, కానీ తను లేవకపోయినా పని జరిగేలా చూసినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా? ఉప్పు తనంతట తానే నడిచొస్తుందనుకుంటారా వీళ్లు? ఆమెకు కోపమొచ్చింది. చాలా కాలం తర్వాత వచ్చిన కోపం, ఒంట్లోకి వేడి ఎక్కినట్టు బాగుంది కూడా.

గాయపడ్డ మాజీ సైనికుల పోటీలకు వెళ్లే జట్టు కోసం ఒక మ్యాచ్ పెట్టి, గెలిచినవాళ్లనే ఎంపిక చేస్తామన్నారు. ఎంపికైతే ఆరు వారాలు వేరే ఊళ్లో శిబిరం. ఆమెకు ఆ జట్టులో చోటు కావాలి. దేన్నయినా అంత గట్టిగా కావాలనుకుని ఎన్నాళ్లయిందో గుర్తులేదు. గుట్టు బయటపెట్టింది కూతురు. సెలవురోజున ఒకసారి తల్లితో వెళ్లి ఆట చూసొచ్చిన పిల్ల, భోజనాల దగ్గర "నాన్నా, అమ్మ బంతిని ఎంత గట్టిగా కొడుతుందో తెలుసా!" అనేసింది.

"ఫిజియో అన్నావు?" అన్నాడాయన, నొచ్చుకున్నట్టు. తర్వాత తనే సర్దుకున్నాడు. "సరేలే, ఆడుకో. నీకూ కాలక్షేపం ఉండాలిగా. మేమూ వచ్చి చూస్తాం."

కాలక్షేపం! ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

మ్యాచ్ ఆఖరి సెట్టులో స్కోరు పదమూడు, పదమూడు. బంతి నెట్టు మీదుగా సరిగ్గా ఆమెకేసి వస్తోంది. హాలంతా ఊపిరి బిగబట్టింది. ఆ నిశ్శబ్దంలోకి ప్రేక్షకులు కూర్చున్న మెట్ల మీంచి అత్తగారి గొంతు ఖంగున మోగింది.

"అమ్మాయ్! నా మందుల డబ్బా ఏ సంచీలో పెట్టావ్?"

ఆమె లేచింది. లేవాలని లేవలేదు, ఒళ్లే లేచిపోయింది. చేయి బంతికి తగిలేసరికి ఒళ్లు నేలకు జానెడు పైన ఉంది. విజిల్ మోగింది. పదమూడు, పద్నాలుగు. ఇంకొక్క పాయింటు పోతే జట్టు ఓడిపోతుంది, శిబిరం సంగతి ఇక మరిచిపోవచ్చు. ఆమెకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

విజిలమ్మ విరామం అడిగి వచ్చి ఆమె ముందు గొంతుకూర్చుంది. "డబ్బా ఎక్కడుంది?"

"నీలం సంచీలో. పక్క జేబులో."

విజిలమ్మ లేచి, కవాతు మైదానంలో వాడే గొంతుతో మెట్లవైపు తిరిగి కేకేసింది. "పెద్దమ్మగారూ! నీలం సంచీ, పక్క జేబు! మీ అబ్బాయి తీసిస్తారు!" ఆయన గతుక్కుమని కాళ్ల దగ్గర వెతకడం మొదలుపెట్టాడు. హాలంతా చూస్తుండగా సంచీ జిప్పు లాగాడు. విజిలమ్మ అదే గొంతుతో ఆమె వైపు తిరిగింది. "ఇంకెవరికైనా నీతో పనుందా? లేదుగా. అయితే కూర్చో! కూర్చో!"

ఆమె కూర్చుంది. ఇంతకుముందూ కూర్చునే ఉంది, కానీ ఎప్పుడూ సగం బరువు లేవడానికి సిద్ధంగా దాచుకుని కూర్చునేది. ఇప్పుడు మొత్తం వదిలేసింది. బంతి వచ్చింది. కొట్టింది. పద్నాలుగు, పద్నాలుగు. మరుసటి బంతిని అవతలివాళ్లు బయటికి కొట్టారు. గెలవాలంటే రెండు పాయింట్ల తేడా ఉండాలి, ఇంకొక్కటి కావాలి. ఆ తర్వాత రేడియో "ఇదుగో, నీదే, నీదే!" అని అరుస్తూ ఎత్తి ఇచ్చిన బంతిని ఆమె నేలకు అతుక్కున్నట్టు కూర్చుని, భుజం కీలు ఊడివస్తుందా అన్నంత బలంగా కొట్టింది. అది అవతలి గీత మీద పడి ఎగిరి గోడకు తగిలింది. రేడియో దొర్లుకుంటూ వచ్చి ఆమెను కావలించుకుంది. ఆమె ఏడ్చింది. సంతోషంతోనే, సందేహం లేదు.

ఎంపికైనవాళ్లకు అక్కడే ఫారాలు పంచారు. ఆయన కూతురినీ తల్లినీ తీసుకుని దిగివచ్చాడు. "భలే ఆడావే!" అన్నాడు. కళ్లు మెరుస్తున్నాయి, ఆ గర్వం అబద్ధం కాదు. ఫారం చేతిలోకి తీసుకుని చదివాక మెరుపు కాస్త తగ్గింది.

"ఆరు వారాలా? మరి ఇల్లు?"

ఆమె ఆయన్నే చూసింది. పదకొండేళ్లు యుద్ధానికి పంపినప్పుడు ఈ ప్రశ్న అడగలేదు. దేశం పిలిచింది కాబట్టి ఇల్లు ఎలాగోలా నడిచింది. ఇప్పుడు తనకు తానుగా వెళ్తానంటే ఇల్లు ఆగిపోతుందట!

"మందుల డబ్బా నేనే వెతుక్కోగలను" అంది అత్తగారు ఉన్నట్టుండి. కొడుకు తెల్లబోయి చూశాడు. ఆవిడ కోడలి వైపు చూడకుండా, కొంగుతో కళ్లజోడు తుడుచుకుంటూ అంది. "ఆవిడెవరో నిన్ను కూర్చో, కూర్చో అని అరుస్తుంటే నాకేదోలా అయింది. అరవై ఏడేళ్లొచ్చాయి. నన్నెవరూ ఒక్కసారైనా అలా కూర్చోమని అరవలేదే అమ్మాయ్."

కూతురు నాయనమ్మ చెయ్యి పట్టుకుంది. ఆయన ప్యాంటు మోకాళ్ల దగ్గర పైకి లాక్కుని, భార్య పక్కనే నేల మీద చతికిలబడ్డాడు.

ఆమె ఫారం నింపసాగింది. వయసు, దెబ్బ తగిలిన తేదీ, రక్తం గ్రూపు. చివరి పేజీలో ఆఖరి ప్రశ్న దగ్గర కలం ఆగింది. 'శిబిరం జరిగే కాలంలో మీ ఇంటి బాధ్యత ఎవరిది?'

"ఇది మగాళ్ల ఫారంలోనూ ఉంటుందిలే" అంది పక్కనుంచి రేడియో. "వాళ్లు 'భార్య' అని రాసి పడేస్తారు. క్షణం పట్టదు."

ఆయన మెడ చాచి చూశాడు. "అమ్మ పేరు రాయకు, ఆవిడకి మోకాళ్ల నొప్పులు. నాకేమో ఆఫీసు..." అని ఆగాడు. "ఏం రాస్తావ్ మరి?"

ఆమె గుండ్రటి అక్షరాలతో, తొందరపడకుండా రాసింది.

'ఇంట్లో ఉన్నవాళ్లది.'