యశోద పేరు మీద ఆయాసం

వద్దంటే వద్దే అని తాను అనడం ఇది నాలుగోసారో ఐదోసారో, పెనం మీద జొన్నరొట్టె అంచు నల్లబడుతోంది, యశోద చేత్తోనే దాన్ని తిరగేసింది, ముందుగదిలోంచి సంతోష్ గొంతు మళ్లీ వచ్చింది, అమ్మా, నీకు ఆయాసమని నిన్ను రమ్మంటలేము గదా, నువ్వు ఇంట్ల సల్లగ ఉండు, నాన్ననెందుకు ఆపుతున్నవ్, నీకేంది బాధ, కొడుకు గొంతులో కోపం లేదు, ఓపిక ఉంది, వైరాలో బ్యాంకు కొలువు దొరికాక నేర్చిన ఓపిక, వేలిముద్ర పడని ముసలమ్మలతో మాట్లాడేటప్పుడు వాడే ఓపిక, అదే ఆమెను ఎక్కువ మండించింది, కోప్పడితే తిరిగి కోప్పడవచ్చు, ఓపిక పట్టేవాణ్ణి ఏమనాలి, మీ నాన్న పోవద్దు, అంతే, అంది పొయ్యి వైపు చూస్తూ, ఎందుకో చెప్పు మరి, అన్నాడు వాడు, కూతురు సోని అందుకుంది, ఖమ్మంలో నర్సింగ్ రెండో ఏడు చదువుతున్న పిల్ల, రెండు రోజుల సెలవుకు వచ్చి రెండు రోజులూ ఫోనులో మంచు చూపిస్తోంది, అమ్మా, మనాలీ ఊరే ఆరున్నర వేల అడుగుల ఎత్తుల ఉంటది, మంచు కాడికి పోవాలంటే ఇంకా పైకి పోవాలె, అక్కడ గాలి పలుచగ ఉంటది, నీ ఊపిరితిత్తులు తట్టుకోవు, నేను చదివిన గదా, నీ మంచికే చెప్తున్నం, చదివింది నిజమే, పుస్తకంలో ఉన్న ప్రతి మాటా నిజమే, చెప్పేది మాత్రం తప్పు మనిషికి, చెప్పాల్సిన మనిషి ముందుగదిలో ప్లాస్టిక్ కుర్చీలో కాళ్లు చాపుకుని పేపరు చదువుతున్నాడు, భాస్కర్, ఆశ్రమ పాఠశాలలో పీఈటీ సారు, తన భర్త, ఆయాసం ఆయనది, తనది కాదు, ఈ ఇంట్లో ఆ సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే, ఒకరు పేపరు చదువుతున్నారు, ఒకరు రొట్టెలు కాలుస్తున్నారు.

ముగ్గురికి టికెట్లు, నాన్నకు, నాకు, చెల్లెకు, డిసెంబరు ఆఖరి వారం ఖమ్మంలో రైలెక్కితే ఢిల్లీ, ఢిల్లీ నుంచి బస్సు, కోట్లూ బూట్లూ అక్కడ కిరాయికి ఇస్తరట, నాన్నకు పెద్ద కోటు కావాలె, భుజాలు వెడల్పు గదా అని సంతోష్ నవ్వుతున్నాడు, ఆ భుజాల లోపల ఏముందో వాడికి తెలియదు, డాక్టరు చెప్పింది యశోద విన్నది, రెండేళ్ల కింద, మిరపకాయలు కల్లంలో ఎండుతున్న రోజుల్లో, కల్లంలో ఇద్దరే ఉన్నప్పుడు, బస్తా లేపబోయి ఆయన అక్కడే గొంతుక్కూర్చున్నాడు, పెదవులు నల్లబడ్డాయి, ఖమ్మం తీసుకుపోతే డాక్టరు ఒక గొట్టం నోట్లో పెట్టి ఊదమన్నాడు, పాతికేళ్లు విజిలు ఊదిన మనిషి ఆ గొట్టంలో ఊదలేక కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, సగమే పనిచేస్తున్నాయమ్మా, దుమ్ము పనికిరాదు, చలి పనికిరాదు, ఎత్తు కొండల జోలికి అసలే పోవద్దు, ఈ మందు రోజూ పీల్చాలి, అన్నాడు, తిరుగు బస్సు వైరా దాటాక ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, ఇంట్ల నీకని చెప్దాం యశోదా, అన్నాడు, ఏంది నాకని, ఆయాసం నీకని, పీఈటీకి ఆయాసమంటే బడిల పిల్లలు నవ్వుతరు, తండాల మా పాలోళ్లు నవ్వుతరు, ఎండాకాలం దాక చాలు, తర్వాత నేనే చెప్త, అంటూ ఆమె చేయి పట్టుకున్నాడు, పెళ్లయి పాతికేళ్లు, నలుగురిలో ఆయన చేయి పట్టుకోవడం అదే మొదలు, ఆ చేయి కోసమే తాను ఊ కొట్టిందేమో, ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతోంది, ఎంత చవగ్గా ఒప్పుకుంది, తండా మలుపులో దిగి ఇంటికొచ్చేసరికి గుమ్మంలో అత్త జమ్లి, డాక్టరు ఏమన్నడు బిడ్డా, ఆయన చెప్పులు విప్పుతూ తల ఎత్తకుండా, యశోదకు ఆయాసమట, అన్నాడు, అప్పుడు ఆమె రెండు చేతుల్లో రెండు సంచులు, భుజానికి ఇంకొకటి, బస్సు దిగిన కాడి నుంచి మూడూ ఆమే మోసుకొచ్చింది, రోగం ఉన్న మనిషి మూడు సంచులెట్ల మోసిందని ఒక్కరూ అడగలేదు, ఎండాకాలం పోయింది, ఇంకో ఎండాకాలం కూడా పోయింది.

పీల్చే మందు ఆమె అరలో ఉంటుంది, దువ్వెన పక్కన, పౌడరు డబ్బా వెనక, పొద్దున్నే దువ్వెన కోసం వచ్చినట్టు వచ్చి తలుపు దగ్గరేసుకుని పీల్చిపోతాడు, ఎవరైనా చుట్టాలు చూసి ఇదేందంటే అత్త చెప్తుంది, మా కోడలిది, దమ్ము రోగం, పాపం, ఆ పాపం అనే మాట వినీ వినీ చెవులు కాయలు కాశాయి, ముందుగదిలో ఆయనకు దగ్గు వచ్చింది, యశోద ఆలోచించకుండానే పొయ్యి దగ్గర గట్టిగా దగ్గింది, రెండేళ్ల అలవాటు, ఆయన దగ్గినప్పుడల్లా తానూ దగ్గాలి, అప్పుడు వినేవాళ్లకు ఒక దగ్గే వినిపిస్తుంది, అమ్మ దగ్గు, చూసినవా, పొగకే తట్టుకోలేకపోతున్నది, అని సోని అన్నతో అంటోంది, ఇసొంటి మనిషిని మంచుల ఎట్ల తిప్పుతం, తీజ్ పండుగకు తండా నడుమ ఆడవాళ్లు గుండ్రంగా తిరుగుతూ ఆడేటప్పుడు పాట ఎత్తేది యశోదే, పదిహేనేళ్లు ఆమే ఎత్తింది, ఆమె ఎత్తితే అవతలి చేలల్లో ఉన్నవాళ్లు కూడా వచ్చేవాళ్లు, నిరుడు తనతో ఆడే రుక్మిణి వచ్చి, అక్కా నీకు ఊపిరాడదు, నువ్వు గీడ కూసో, అని చేయి పట్టి అరుగు మీద కూర్చోబెట్టింది, పాట రుక్మిణి ఎత్తింది, నడుమ రెండు మాటలు మింగేసింది, యశోద అరుగు మీద కూర్చుని ఆ రెండు మాటలూ పెదవుల్లో అనుకుంది, ఈ యేడు అడగను కూడా అడగలేదు, అరుగు మీద ముందే చాప వేసి ఉంచారు, ఆటకు పనికిరాని ఊపిరి నీళ్లు మోయడానికి పనికొచ్చింది, ఇరవై రొట్టెలు కొట్టడానికి పనికొచ్చింది, అత్తకు స్నానం పోయడానికి పనికొచ్చింది, అక్కడ మాత్రం ఎవరూ నువ్వు కూసో అనలేదు, ఒక్క ముత్తక్కే కనిపెట్టింది, గోదావరి అవతలి ఊళ్ల నుంచి ఏటా మిరపకాయలు ఏరడానికి మనుషుల్ని పోగేసుకుని వస్తుంది ముత్తక్క, పక్క సాలులో ఏరుతూ తల తిప్పకుండా, దమ్ము నీకు కాదు గదమ్మా, సారుకు గదా, అంది, ఎవరు చెప్పిండ్రు, అంది యశోద, ఎవరు చెప్పాలె, పొద్దటి సంది నీ పక్కన ఏరుతున్న, నీ ఊపిరి నాకు తెల్వదా, అంది, పక్క సాలులో రెండు పూటలు వంగిన మనిషికి తెలిసింది, ఒకే కప్పు కింద ఉన్నవాళ్లకు తెలియలేదు, నర్సింగ్ చదివే పిల్ల సెలవుకు వచ్చిన ప్రతిసారీ తల దువ్వించుకుంటుంది, ఒడిలో పడుకుంటుంది, ఒక్కనాడన్నా ఈ వీపు మీద చెవి పెట్టి చూడలేదు.

మంచుల ఏముందిరా, అంటోంది జమ్లి ముందుగదిలో, పొద్దుగాల మన బాయికాడ కూసుంటే సలి కాదా, పైసలు పెట్టుకుని పోయి వణుకుతరా ఎవలన్న, పిల్లలు నవ్వుతున్నారు, నానమ్మా, నీకు కూడా కోటు ఏస్తం రా, మీసాలొక్కటే తక్కువైతయి, ముసలామె కూడా నవ్వుతోంది, ఆయన కూడా నవ్వుతున్నాడు, ఆ నవ్వు చివర గాలి తక్కువై పిల్లికూత లాంటి చప్పుడు, తనకొక్కదానికే వినిపించే చప్పుడు, మంచు చూడాలని తనకు ఉందా లేదా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పేదో యశోదకు తెలుసు, సోని ఫోను మరిచిపోయి స్నానానికి పోయినప్పుడు ఆ మంచు వీడియోలు తానూ చూసింది, తడి చేత్తో పట్టుకుంటే పాడవుతుందని కొంగుతో పట్టుకుని చూసింది, దేవదారు చెట్లట, నిటారుగా, మన టేకు చెట్ల లాగా ఆకులు రాల్చి బోసిగా నిలబడవు, కొమ్మ కొమ్మకూ తెల్లగా పేరుకుని ఉంది, ఒక ఆడమనిషి, తన వయసుదే, లావుపాటిది, ఎర్ర కోటు వేసుకుని ఏటవాలున జారుతూ కిందికొచ్చి బోర్లా పడి పడుచుపిల్లలా నవ్వుతోంది, ఆ నవ్వు మూడుసార్లు చూసింది, భద్రాచలం, పర్ణశాల దాటి ఎక్కడికీ పోలేదు తాను, ఎవరో బిడ్డ పెళ్లికి ఒకసారి ఎర్రుపాలెం, అంతే లోకం, పర్ణశాలకు పోయిన నాడు పడవెక్కుదామని పిల్లలు ఏడిస్తే ఆయనకు నీళ్లంటే భయం, ఆ మాట అనకుండా, మీ అమ్మ వద్దంటున్నదిరా, అన్నాడు, పిల్లలు తన వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది, వరంగల్లులో ఆటల కోచ్‌గా పోస్టు వచ్చినప్పుడు అక్కడి కుర్ర కోచ్‌ల ముందు నిలబడలేనని ఆయనకు గుబులు, తండాలో చెప్పింది వేరు, యశోద మా అమ్మను వదిలి రానంటున్నది, అని, అప్పుడు కూడా తాను నోరెత్తలేదు, ఎన్ని వద్దులు తన పేరు మీద ఉన్నాయో, ఏ ఒక్కటీ తాను అన్నది కాదు, ఇప్పుడు అంటున్న ఈ వద్దు ఒక్కటే తన నోటితో అన్నది, అదీ ఆయన ప్రాణం కోసం, దానికే పిల్లల దృష్టిలో ఓర్వలేనిదైంది, తాను పోలేనందుకు నాన్నను పోనియ్యదు, ఇందాక సోని గుసగుసగా అన్నది అదే, గుసగుస కూడా సరిగ్గా చేతకాదు ఆ పిల్లకు.

ఆయన ఇప్పుడన్నా చెప్పవచ్చు, పిండి ముద్ద చేతుల్లో తట్టుతూ యశోద ఆ మాట కోసమే ఎదురుచూసింది, ఇంట్లో ఉన్నది కన్నబిడ్డలు, కన్నతల్లి, నవ్వేవాళ్లు ఎవరూ లేరు, నాకు బాగలేదురా, నేను రాలేను, ఇంతే, నాలుగు మాటలు, చెబితే తాను ఈ రెండేళ్లూ మరిచిపోతుంది, అరుగు మీద చాప కూడా మరిచిపోతుంది, పేపరు మడిచిన చప్పుడైంది, కుర్చీ కిర్రుమంది, ఆయన గొంతు సర్దుకున్నాడు, వదిలెయ్ సంతోషూ, మీ అమ్మ సంగతి తెల్సు గదా, ఒకసారి వద్దన్నదంటే ఇగ అంతే, నాకైతే పోవాలనే ఉంది, మంచుల నాలుగు ఉరుకులు ఉరికి వద్దామనే ఉంది, ఏం జేస్త, ఆమెను కాదని పోతే వచ్చినంక బతకనిస్తదా, అన్నాడు, తేలిగ్గా, నవ్వుతూ, పిల్లలతో కలిసిపోతూ, రొట్టె చేతుల్లోనే ఆగింది, తాను ఇంతసేపూ భయపడింది, పిల్లల మాటకు మొహమాటపడి రైలెక్కుతాడేమో, కొండ మీద ఎక్కడో ఊపిరందక కూలిపోతాడేమో అని, ఆయనకు ఏ భయమూ లేదు, పేపరు తిరగేసుకుంటూ నిశ్చింతగా కూర్చున్నాడు, ఎందుకంటే యశోద వద్దంటుంది, ఎప్పుడూ అంటుంది, ఇటు కొండకు పోయే పని లేదు, అటు పోవాలని ఉందన్న పేరూ దక్కింది, పరువు ఆయనకు, నింద తనకు, ఇన్నాళ్లూ ఆయన సిగ్గు దాస్తున్నాననుకుంది, సిగ్గుపడే మనిషి ఇంత హాయిగా నవ్వడు.

రొట్టె పెనం మీద వేసి యశోద నిలబడింది, నిలబడి ఊపిరి పీల్చింది, మామూలుగా కాదు, కావాలని, పొగా జొన్నపిండి వాసనా కలిసిన గాలి లోపలికి పోయింది, పోతూనే ఉంది, ఎక్కడా అడ్డం తగల్లేదు, ఇంకోసారి పీల్చింది, ఈమధ్య నీళ్ల ట్యాంకు మెట్లెక్కినప్పుడు నడుమ ఆగుతోంది తాను, మొదట్లో ఎవరైనా చూస్తున్నారని ఆగేది, తర్వాత ఎవరూ లేనప్పుడు కూడా ఆగుతోంది, గుండె మీద చేయి వేసుకుని మరీ ఆగుతోంది, అందరూ చెప్పిన రోగాన్ని తానూ నమ్మేసింది, ఎంత పిచ్చిది, గొట్టంలో ఊదింది తాను కాదు, డాక్టరు చూసింది తనను కాదు, తనకేం లేదు, ఈ మాట ఎంత చిన్నది, రెండేళ్లుగా తనకు తాను కూడా చెప్పుకోలేదు, తనకు ఏ రోగమూ లేదు.

ఆఖరి రొట్టె కాల్చి, పొయ్యి ఆర్పి, చేతులు కడుక్కుని, రొట్టెల గిన్నె, పచ్చిమిరపకాయల కారం పట్టుకుని ముందుగదిలోకి వచ్చింది, నలుగురూ కంచాల ముందు కూర్చున్నారు, సంతోష్ అలిగి ఫోను పక్కన పెట్టేశాడు, యశోద ముందు అత్త కంచంలో వడ్డించింది, తర్వాత పిల్లలకు, తర్వాత ఆయనకు, అందరికీ వడ్డించడం అయ్యాక గొంతు పెంచకుండా చెప్పింది, నాకు ఆయాసం లేదు, ఎన్నడూ లేదు, ఉన్నది మీ నాన్నకు, అరల మందు ఆయనది, రెండేళ్ల సంది అబద్ధం చెప్పినం, చెప్పమన్నది ఆయన, ఒప్పుకున్నది నేను, సోనీ, తిన్నంక మీ నాన్న వీపు మీద చెవి పెట్టి చూడు, నీకే తెలుస్తది, మీ నాన్న కొండ ఎక్కొద్దు, నానమ్మ దగ్గర ఉంటడు, మీతోని నేనొస్త, ఆయన రొట్టె తుంచబోయిన చేయి కంచంలోనే ఉంది, తల ఎత్తలేదు, జమ్లి కొడుకు వైపు చూసింది, కోడలి వైపు చూసింది, మళ్లీ కొడుకు వైపే చూస్తూ ఉండిపోయింది, సోని కళ్లలో నీళ్లు తిరిగాయి, తన కోసమో వాళ్ల నాన్న కోసమో యశోద అడగలేదు, సంతోష్ ఎడమచేత్తో ఫోను దగ్గరికి తీసుకున్నాడు, ఏదో నొక్కాడు, ఆగాడు, అమ్మా, నీ వయసెంత రాయాలె, అన్నాడు చిన్నగా, నలభై ఏడు, అంది యశోద, తన కంచం తెచ్చుకుని వాళ్ల మధ్య కూర్చుంటూ.