తీర్పుల అరలో నవల

“తలుపు తీసేసరికి లోపల దీపం ఉందా?”

“ఉంది.”

“నిన్న లేదన్నావు.”

“నిన్నటి కాగితాల్లో నువ్వు రాయలేదక్కా. కాస్త కోర్టు వాయిదా వెయ్యి, పాలు పొంగుతున్నాయి.”

ప్రొఫెసరు పెన్నుకు మూత పెట్టింది. ముప్పై ఏళ్లుగా లా కాలేజీలో సాక్ష్య చట్టం చెబుతున్న మనిషి. తను రాసిన అధ్యాయం నిలబడుతుందో లేదో ఇలాగే తేల్చుకుంటుంది. పొద్దున్నే చెల్లెలు వంటింటి కుర్చీలో కూర్చుని, నవలలోని మనిషి తానే అయినట్టు జవాబులు చెప్పాలి. ఎక్కడ తడబడితే అక్కడ తిరగరాయాలి. అవార్డు వచ్చిన నవలైనా ఈ వంటింటి విచారణ దాటి వెళ్లిందే.

“ఈసారి ముసలమ్మను చంపకు,” అంది తను పాఠాలు చెప్పే బడికి బయల్దేరుతూ చెల్లెలు. “పోయినసారి నన్ను చంపి అవార్డు తెచ్చుకున్నావు.”

“అది నువ్వు కాదే.”

“నా నడక, నా దగ్గు. ఇంకెవరు, మీ ప్రిన్సిపాలా?”

ప్రొఫెసరు నవ్వుతూనే ఎడమ భుజం నొక్కుకుంది. రాత్రి సరిగా పడుకోలేదనుకుంది.

మధ్యాహ్నం కాలేజీలో క్రమశిక్షణ కమిటీ కూర్చుంది. వాదనల పోటీలో ఒక అమ్మాయి లేని తీర్పును ఉదహరించిందని ఫిర్యాదు. దొంగ తీర్పు పుట్టించిందని తేలితే కాలేజీ నుంచి పంపేస్తారు. కమిటీలో ప్రొఫెసరు కూడా ఉంది.

“నేను పుట్టించలేదు సార్. లైబ్రరీలో తీర్పుల సంపుటాల మధ్య దొరికింది. ఆ నాలుగు పేజీలే జిరాక్స్ తీసుకున్నాను,” అంది అమ్మాయి. చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

ప్రిన్సిపాల్ ఆ కాగితాలను అందరికీ పంచాడు. కేసు నంబరు, సంవత్సరం, చివర జడ్జి మాట. ప్రొఫెసరుకు రెండో వాక్యం దాకా చదవాల్సిన అవసరం రాలేదు. అవి తన నవలలోని పేజీలే. అట్ట చిరిగిపోతే, తన నవలకు లైబ్రరీవాళ్లు సంపుటాలకు వేయించే నల్ల బైండింగే వేయించారు. రాసింది లా ప్రొఫెసరు కదా అని తీర్పుల అరలో సర్దారు.

ఆవిడ లేచి, బల్లకు అవతల అమ్మాయి పక్కనున్న ఖాళీ కుర్చీలో కూర్చుంది.

“అదేంటి మేడమ్, అటు వెళ్లారు?”

“నేను సాక్షిని. తీర్పు చెప్పే వైపు కూర్చోకూడదు. ఈ కేసు నా నవలలోది. ఈ అమ్మాయి అబద్ధం ఆడలేదు.”

ప్రిన్సిపాల్ కళ్లజోడు తీశాడు. “పుస్తకం ఆ అరలో ఉందని మీకు తెలుసా?”

తెలియదంటే సరిపోయేది. అడిగినవాడు కూడా ఆ జవాబు కోసమే ఎదురు చూస్తున్నాడు.

“తెలుసు. చాలా కాలంగా.”

“మరి తీయించలేదే?”

ఇలాంటి మౌనాల్లో సాక్షులు గోడల వైపు చూస్తారని ఆవిడ ఏటా పిల్లలకు చెప్పేది. ఇప్పుడు తనూ గోడ వైపే చూసింది.

“అంత పెద్దల మధ్య నా కథ ఉంటే బాగుందనిపించింది.”

ఫిర్యాదు కొట్టేశారు.

వరండాలో అమ్మాయి వెనకే వచ్చింది. “ఆ తీర్పు చాలా బాగుంది మేడమ్. నిజమైతే బాగుండేది.”

“నిజమైతే నువ్వు గెలిచేదానివి. నాకు అవార్డు వచ్చేది కాదు. వెళ్లు, ఏమైనా తిను. ముఖం పీక్కుపోయింది.”

అక్కణ్నుంచి ఆవిడ నేరుగా లైబ్రరీకి వెళ్లింది. పుస్తకం పై అరలో ఉంది. లైబ్రేరియన్ పరుగున వచ్చాడు.

“నేను తీస్తాను మేడమ్.”

“నేను చూస్తూ ఊరుకున్న పుస్తకం బాబూ, నేనే దించాలి.”

స్టూలెక్కి దించింది. దాన్ని చేత్తో తుడుస్తూ ఆ చివరనున్న నవలల అర దాకా నడిచి, చోటు చూసి పెట్టింది. పక్కనే ఉన్న కుర్చీలో కూలబడింది. లైబ్రేరియన్ కొత్త చీటీ, జిగురు తెచ్చేసరికి, ఎవరో చెబుతున్న జవాబు వింటున్నట్టు తల ఒక పక్కకు వాల్చి ఉంది. అతను రెండుసార్లు పిలిచాడు. తర్వాత ఫోన్ దగ్గరకు పరుగెత్తాడు.

చెల్లెలు బడి నుంచి అలాగే వచ్చింది. చల్లబడిన అక్క చెంపమీది వెంట్రుకలు చెవి వెనక్కి సర్దింది. అప్పుడు గానీ ఆ పాదాలకు చెప్పులు లేవని చూడలేదు.

అవి తీర్పుల అర ముందు, స్టూలు పక్కన ఉన్నాయి. ఎడమదాని తెగిన పట్టీకి నల్లదారం దొరక్క, చెల్లెలు తెల్లదారంతో వేసిన కుట్లు.