తలలో కండె

రమ ఇరవై రెండేళ్లుగా మరమగ్గాల కోసం చుట్టిన కండెల దారమంతా విప్పితే భూమికి తొమ్మిది చుట్లు తిప్పి, మిగిలిన కొసతో చందమామకు ఉయ్యాల కట్టొచ్చు. నమ్మకపోతే సిరిసిల్ల వచ్చి కొలుచుకోండి. ఆమె మాత్రం హైదరాబాదు పోయింది ఒక్కసారే. అదీ స్పృహ లేకుండా, అంబులెన్సులో.

2011 మార్చిలో తలలో నెత్తుటి నరం ఉబ్బి పగిలింది. డాక్టరు తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి, ఆ ఉబ్బులో వెంట్రుకంత తీగను చుట్టలుగా నింపి మూశాడు. "ఆరు నెలలకు తలకు మళ్లీ ఫొటో తీయాలమ్మా. చుట్ట కుదించుకుపోతే సందులోకి నెత్తురు చేరుతుంది, మళ్లీ పగలొచ్చు" అన్నాడు.

ఆరో నెలకు సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి. "తెలంగాణ అచ్చినంక పోదాం తియ్" అన్నాడు మొగుడు రామస్వామి. సమ్మె ముగిసింది, బస్సులు కదిలాయి. తెలంగాణ రాలేదు, ఆయనా కదల్లేదు.

"గట్టిగ చుట్టిన కండె ఊడుతదానే? నీకిప్పుడు నొప్పి గూడ లేదాయె" అంటాడు ఆమె అడిగినప్పుడల్లా.

రామస్వామి సాంచా మీద, అంటే మరమగ్గం మీద, బట్ట నేస్తాడు, ఊరేగింపుల్లో గొంతు చించుకుంటాడు, కానీ జన్మలో ఒక్క కండె చుట్టి ఎరగడు. చుట్టేదానికి తెలుసు, ఎంత బిగించినా మగ్గంలో పరుగెత్తే నాడెలో అటూ ఇటూ కొట్టుకొని కండె వదులవుతుందని. తలలో నెత్తురు మాత్రం ఊరికే ఉంటుందా, అదీ రాత్రింబవళ్లు కొడుతూనే ఉంటుంది కదా! బిందె ఎత్తినప్పుడు కళ్ల వెనక ఏదో జారినట్టయితే, అది నిజమో భయమో తేలక గోడ పట్టుకొని నిలబడిపోతుంది. "పని ఎగ్గొట్టెతందుకు మంచి రోగమే దొరికింది" అని అత్త సత్యవ్వ నవ్వుతుంది.

ఈ పొద్దున కండెల మిషన్ ముందు కూర్చొని తిప్పడం మొదలుపెట్టగానే ఆ సత్యవ్వే పదకొండేళ్ల మనుమరాలిని రెక్క పట్టుకొచ్చి పక్కన కూర్చోబెట్టింది.

"సౌమ్యకు నేర్పు పిల్లా. డాక్టర్ చెప్పింది మేము గూడ ఇన్నం గదా. రేపు నీకేమన్నయితే సాంచాలు ఆగొద్దు."

రమ మిషన్ ఆపింది. అంటే డాక్టరు మాట ఈ ఇంట్లో అందరూ నమ్మారు. నమ్మే ఊరుకున్నారు.

హైదరాబాదు మాట ఇక అడగదలుచుకోలేదు. దారం పెట్టె అడుగు నుంచి దవాఖాన ఫైలు తీసి కూతురి ఒళ్లో పెట్టింది.

"నేను పడిపోతే గీ కాయితాలు డాక్టర్‌కు సూపెట్టు బిడ్డా."

సౌమ్య తలూపి, నానమ్మ చెప్పినట్టే ఖాళీ కండె అందుకోబోయింది. రమ ఆ చేతిని పట్టుకొని మెల్లగా వెనక్కి తీసింది.

"గిది నేర్వకు. సాంచాలు ఆగితె ఆగనియ్."