పోతమ్మ బార

ముప్పై నాలుగేళ్లు స్టీల్‌ప్లాంటులో కొలిమి వేడిని డిగ్రీ తేడా రాకుండా కొలిచినవాణ్ణి. అలాంటి నా పరువును ఒక మడతల కెమెరా నిలువునా తీసేసింది.

అది మా నాన్నది. కూర్మన్నపాలెంలో స్టూడియో నడిపినన్నాళ్లూ దాంతోనే తీశాడు. మూత తెరిస్తే తోలు తిత్తి, దాని కొసన లెన్సు ముందుకు సాగుతాయి. పైన చిన్న కిటికీలోంచి చూస్తే ఒక్క మనిషే ఇద్దరుగా కనిపిస్తాడు. లెన్సు తిప్పేకొద్దీ ఇద్దరూ జరిగి ఒకటవుతారు. అప్పుడు నొక్కితే బొమ్మ స్పష్టంగా వస్తుంది.

నా మిత్రుడు దుర్గారావుకి ఫిషింగ్ హార్బర్‌లో చెక్క బోటుంది. సోమవారం దాన్ని విరగ్గొట్టేస్తారు. బోటు ముక్కు మీద వాళ్ల నాన్న స్వయంగా రంగుతో రాసిన పేరుంది: పోతమ్మ. దుర్గారావు తల్లి పేరది. రాసిన మనిషి పోయాడు. కోసి దాచుకుందామంటే చెక్క పుచ్చిపోయింది. ఆ అక్షరాలు తన గోడ మీద ఉండి తీరాలని పోతమ్మ పట్టు.

"ఫోన్లో తీసీసినాను కదే అమ్మా," అన్నాడు దుర్గారావు.

"నీ పాత ఫోను సముద్రంలో పడీసినావు. మీ అయ్య బొమ్మలన్నీ దాంతోనే పోనాయి. ఈ తిరుమలరావు బాబు వోళ్ల నాన్న తీసిన మా పెళ్లి ఫొటో ఇప్పటికీ గోడకుంది. ఆ కెమేరాతోనే తియ్యాల."

"తీత్తాను అత్తా," అని మాటిచ్చేశాను. నా నోరు ఊరుకుంటేగా!

ఏళ్ల తరబడి బీరువాలో పడుండి, కెమెరా కిటికీకీ లెన్సుకీ పొత్తు చెడింది. సరిచేయాలంటే తెలిసిన దూరంలో నిలబడాలి. లెన్సును ఆ అంకె మీద పెట్టి, రెండు బొమ్మలూ కలిసేదాకా స్క్రూ తిప్పాలి. తీరా హార్బర్‌కి వెళ్లాక చూస్తే, టేపు ఇంట్లో మరిచాను. పోతమ్మ తాడందుకుని, బోటు ముక్కు నుంచి నా దాకా రెండు చేతులూ బార్లా చాపి చకచకా కొలిచి ముడేసింది.

"రెండు బారలు బాబూ."

బారంటే ఆరడుగులు కదా! లెన్సును పన్నెండు మీద పెట్టి, స్క్రూ బిగించి, రీలంతా తీసేశాను.

ఇంట్లో కడిగి చూస్తే అన్నింట్లోనూ పేరు మసకే. ఏడుపొచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గేముంది. తీరా చూస్తే, పేరుకి వెనక డెక్కు మీద పడున్న వల కళ్లు మాత్రం ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. అంటే కెమెరా అవసరానికి మించి దూరం చూస్తోంది. అసలు దూరం పన్నెండడుగులు లేనేలేదు! నా భుజం దాకా కూడా రాని మనిషి బార ఆరడుగులు ఎలా అవుతుంది? నెత్తి కొట్టుకున్నాను. ఇంకొక్క రీలే మిగిలింది.

సోమవారం పొద్దున్నే టేపు జేబులో వేసుకుని పరిగెత్తాను. అప్పటికే వెనక భాగం విప్పేశారు.

"వొగ్గీ బావా, లారీ వచ్చీసినాది," అన్నాడు దుర్గారావు.

"నోర్ముయ్యెహె! నాను తియ్యకుండా ఒక్క సెక్క కదిలిందంటే సూడు!" అని బోటుకీ పనివాళ్లకీ మధ్య నిలబడ్డాను. "అత్తా, సేతులు సాపు."

"ఏటి బాబూ, నన్ను కొలుత్తన్నావ్?"

"నిన్ను కొలవకే సెడిపోయాను."

నాలుగడుగుల తొమ్మిదంగుళాలు. రెండు బారలు తొమ్మిదిన్నర అడుగులు. ఆ తాడునే ముడి దాకా చాపి, లెన్సును తొమ్మిదిన్నర మీద పెట్టాను. కిటికీలో పోతమ్మ పక్కన ఇంకో పోతమ్మ. స్క్రూ కొంచెం కొంచెంగా తిప్పాను. రెండు పేర్లూ జరిగి ఒక్కటయ్యాయి. రీలంతా తీశాక పక్కకి తప్పుకున్నాను. గొడ్డళ్లు పడ్డాయి.

మర్నాడు ఫొటో తీసుకెళ్లి ఇచ్చాను. పోతమ్మకి చదువు రాదు. ఈ మూడక్షరాలే మొగుడు నేర్పాడట. ఒక్కో దాని మీద వేలు పెట్టి చదివింది. చివరి అక్షరం కింద వేలు ఆగిపోయింది.

"ఇదిగో, రంగు కారిపోయిన సుక్క. మీ మావ రాత్తంటే ఎనకాల నిలబడి కితకితలెట్టినాను. సెయ్యి వణికీసినాది."

నేను గబుక్కున వంగి చూశాను. నిజమే, గోరంత చుక్క. ఇరవై నాలుగు బొమ్మలు తీసి కూడా నేను దాన్ని చూడలేదు.