శ్యామలమ్మ ఎక్కిన రెండు కార్లు

పర్వతాలు తన ఎనభై రెండు మోడల్ అంబాసిడర్‌ను పొద్దున్నే రెండుసార్లు కడిగాడు. అత్తగారు శ్యామలమ్మను అల్వాల్ నుంచి రాంగోపాల్‌పేట్‌లో ఆమె చెల్లెలు రాజ్యం ఇంటికి, వ్రతానికి తీసుకుపోవాలి. తీరా వెళ్లేసరికి చిన్నల్లుడు దయాకర్ తన తొంభై తొమ్మిది మోడల్ ఎస్టీమ్ కారును గేటు ముందు పెట్టి, ఏసీ వేసి కూర్చున్నాడు.

“ఎండల అత్తమ్మకెందుకన్నా తక్లీఫ్? నా బండిల సల్లగ వస్తది,” అన్నాడు.

“నా దాంట్ల మంచం మీద కూసున్నట్టుంటది. నీ దాంట్ల కూసుంటే రోడ్డు మీద కూసున్నట్టే,” అన్నాడు పర్వతాలు.

పదిహేనేళ్లుగా ఇదే పంచాయితీ. సగం దారి ఒక దాంట్లో, సగం దారి ఇంకో దాంట్లో వస్తానని శ్యామలమ్మ తేల్చేసింది.

అంబాసిడర్‌లో ఆవిడ కాళ్లు పైకి మడుచుకుని మల్లెపూలు మాల కట్టింది. పర్వతాలు అద్దంలో చూసి మురిసిపోయాడు. సగం దారిలో, కార్ఖానా బస్టాపు దగ్గర, ఎస్టీమ్‌లోకి మారింది.

రాజ్యం ఇంటి ముందు దిగేటప్పుడు వచ్చింది చిక్కు. ఎస్టీమ్‌లో సీటు కిందికి, ఆవిడ మోకాళ్లు పైకి. అల్లుళ్లిద్దరూ చెరో చెయ్యి పట్టి లాగారు. ఆవిడ కదల్లేదు గానీ దయాకర్ చెప్పు తెగింది.

“ఉండనీయుర్రి. ఈడ సల్లగున్నది,” అందావిడ.

రాజ్యం కిటికీలోంచే బొట్టు పెట్టి ప్రసాదం ఇచ్చింది. చుట్టాలు వరసగా కారు దగ్గరికొచ్చి పలకరించి పోతున్నారు.

“సూసినవా అన్నా, నా బండి దిగబుద్ధైతలేదు అత్తమ్మకు.”

“దిగరాక కూసున్నది,” అని పర్వతాలు తన డిక్కీలోంచి జాకీ తెచ్చాడు. ఆవిడ కూర్చున్న పక్కే కారును లేపాడు. శ్యామలమ్మ ప్రసాదంతో సహా మెల్లగా అవతలి తలుపు దాకా జారిపోయింది.

“అటు దిక్కు లేపాలె గదన్నా,” అన్నాడు దయాకర్.

అటు లేపారు. ఆవిడ ఇటు జారుకుంటూ వచ్చి, కాళ్లు నేలకానగానే లేచి నిలబడింది. చుట్టాలు చప్పట్లు కొట్టారు. పర్వతాలు వంగి దండం పెట్టాడు.

సాయంత్రం ఆయన అంబాసిడర్ తలుపు బార్లా తెరిచి నిలబడ్డాడు. శ్యామలమ్మ నేరుగా పోయి ఎస్టీమ్‌లో కూర్చుంది.

“మళ్ల గా దాంట్లనేనా, అత్తమ్మా?”

“జాకీ నీ కాడ ఉన్నది గద, పర్వతాలూ. ఎనకాలనే రా.”

అల్వాల్ దాకా మధ్యలో ఒక్క ఆటోను కూడా దూరనివ్వకుండా ఆయన వెనకాలే వెళ్లాడు.