టోరెంట్‌లో దింపిన పాటలు

ఏ కంపెనీ అండా లేకుండా ఓ ఇంగ్లండు గాయకుడు సొంతంగా చేసుకున్న ఫోక్ రాక్ ఆల్బమ్‌ని హారిక టోరెంట్‌లో దింపుకుంది. వరంగల్‌లో అందరూ చేసే పనే. జర్మనీలోని డెగ్గెన్‌డార్ఫ్‌లో మాత్రం ఆ మాట వినగానే రూమ్మేట్ సుభద్ర తల పట్టుకుంది.

"ఏం పని చేసినవే పిల్లా! ఈడ టోరెంట్ పెడితే జరిమానా కట్టుమని లాయర్ లెటర్ వస్తది. వైఫై నా పేరు మీదుంది. వీసా ఆఫీసుల బ్లూ కార్డ్ టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దాని కోసం ఆర్నెల్ల సంది చూస్తున్న నేను!"

ఆ రోజు నుంచి సుభద్ర కన్నా ముందే వెళ్లి పోస్టు డబ్బా తెరిచి చూసేది హారిక. నాలుగో రోజున రానే వచ్చింది, సుభద్ర పేరు మీద ఓ బూడిదరంగు కవరు. విప్పే ధైర్యం లేదు, ఇచ్చే ధైర్యం అంతకన్నా లేదు. సూట్‌కేసులో ఊరగాయ సీసాల కింద దాచేసింది. ఎవరు బెల్లు కొట్టినా పోలీసులేననుకుంది. పది రోజులు అన్నం సయించలేదు. ఆ పాటలు ఒక్కటీ వినలేదు.

చివరికి ఏడుస్తూ కవరు సుభద్ర చేతిలో పెట్టింది. "అక్కా, లాయర్ లెటర్. తప్పు నాదేనని రాసిస్త."

సుభద్ర చించి చదివింది. తేదీ మళ్లీ చూసింది.

"లాయర్‌ది కాదే. నా టెర్మిన్ వచ్చింది," అంది. "నిన్న పొద్దున పది గంటలకు."