సున్నకు గీతుండదు

కాయిదం మీద ఉన్నదే నిజమనెటోళ్లను జర నా ముంగట కూసోవెట్టుండ్రి. ఒక్క ముచ్చట చెప్త. విన్నంక కాయిదానికి దండం పెడతరో, పొయ్యిల పెడతరో మీ ఇష్టం.

నా పేరు లింబయ్య. నిజామాబాద్ టేషన్ ముంగట మా టాంగల అడ్డా. పదకొండు టాంగలు, పదకొండు గుర్రాలు. ఇంట్లోళ్లను ఇడిసిపెట్టినా తినే నోర్లు ఇరవై రెండు. బోధన్‌కు అప్పటికింక రైలు రాలే. రైలు దిగినోళ్లు బోధన్ పోవాల్నంటే పదహారు మైళ్లు మా టాంగలే దిక్కు. అక్కడ చక్కెర ఫ్యాక్టరీ కట్టుడు మొదలైనంక మా గుర్రాలకు నిలబడి గడ్డి తినెటందుకు గూడ తీరిక లేకపాయె.

గా దినాలల్లనే ఒక మాట పుట్టింది. హైద్రాబాద్ నుంచి ఒక సాబ్ వస్తున్నడట. బోధన్ తొవ్వ మీద ఎంతమంది తిరుగుతున్నరో మూడొద్దులు లెక్కవెట్టి నక్షా గీస్తడట. జనం మస్తున్నరని నక్షా చెప్తే బస్సు వేస్తరట. బస్సొస్తే మా నోట్ల మన్నే.

మా అడ్డాకు పెద్ద తుకారాం అన్న. నలభై ఏండ్ల సంది టాంగ తోలుతున్నడు. ఆయన బాగ ఆలోచించి చెప్పిండు.

"బస్సు జనం కోసం. జనమే కనవడకపోతే బస్సెందుకు? మూడొద్దులు టాంగలన్ని బందు పెడదాం. సాబ్‌కు తొవ్వ మీద కాకి గూడ కనవడద్దు."

ఇసొంటి తెలివి తాలూక్‌దార్‌కు గూడ ఉండదని అందరం మెచ్చుకున్నం. సాబ్‌ను తిప్పెటందుకు ఒక్క టాంగ ఎట్లన్న కావాలె. నాకు ఉర్దూ జర వస్తది, చెవులు గూడ హుషారే. ఏం రాస్తున్నడో కనిపెట్టుకోనుండుమని నన్ను తోలిండ్రు. ఇంట్ల నా పెండ్లాం గంగమణి బీడీలు చుట్టుకుంట, "మూడొద్దులు గుర్రాలకేం పెడతరు, మీ తెలివా?" అన్నది. నీకేం తెల్వదు ఊకోమన్న.

సాబ్ పేరు రామ్‌దాస్. మంచి మనిషి. గదే మా కర్మ. చెడ్డోడైతే చేతుల ఇంత పెట్టి తోలెటోళ్లం.

ఊరి బయట బోధన్ తొవ్వ మలుపు కాడ యాపచెట్టు కింద మేజా ఏసిండు. దాని మీద మూడు రేకు డబ్బలు. ఒకటి నడిచెటోళ్లకు, ఒకటి ఎడ్లబండ్లకు, ఒకటి టాంగలకు. ఏది పోతే దాని డబ్బల ఒక చింతగింజ వెయ్యాలె. ఆయన గుమాస్తా జరమొచ్చి మంచాన పడ్డడట.

"లింబయ్యా, గింజలు నువ్వెయ్యి. పొద్దూకంగ నేను లెక్కవెట్టి రాసుకుంట. నీ టాంగ సర్కారు పని మీదున్నది, దానికి గింజ లేదు" అన్నడు.

పొద్దుగాల రైలు దిగిన జనం టాంగల కోసం సూసి సూసి, తిట్టి తిట్టి, ఆఖరికి మూటలు నెత్తినవెట్టుకోని నడుసుడు పట్టిండ్రు. ఫ్యాక్టరీ కాడికి పోయె మేస్త్రీలు, సెరుకు కొట్టెటందుకు పోయె కూలోళ్లు, పెండ్లిపిల్లతోటి సహా ఎడపల్లి పెండ్లోళ్లు, అందరు కాలినడకనే. గింజలేసుకుంట నా చెయ్యి గుంజుకపోయింది. పగటీలకు నడిచెటోళ్ల డబ్బ నిండితే సాబ్ తన నీళ్ల చెంబు గూడ గింజలకే ఇచ్చిండు.

టాంగల డబ్బ మాత్రం ఖాళీ. నడుమ నడుమ దాన్ని ఊపి, చప్పుడు రాలేదని మురుసుకున్న. నా అంత పిచ్చోడు జిల్లా మొత్తం ఎతికినా దొరకడు.

మలి దినం రాములవ్వ అని ఒక ముసలవ్వ మోకాళ్లు పట్టుకోని కుంటుకుంట వచ్చింది. నా టాంగ ఊరికే నిలబడ్డది సూసి, "బిడ్డా, ఎడపల్లి దాకా కూసోవెట్టుకో. నా బిడ్డె కాన్పుకున్నది" అన్నది.

"ఇది సర్కారు బండి అవ్వా" అన్న.

"టాంగోళ్ల నోట్ల మన్నువడ, అందరు ఒక్కదినమే సచ్చిండ్రా?" అని వంగి ఇంత దుమ్ము తీసి నా దిక్కు పోసింది.

సాబ్‌కు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. "నేను ఎక్కించుకుందును లింబయ్యా. గని నడిచెటామెను బండెక్కిస్తే లెక్క తప్పయితది" అన్నడు. ఖాళీగున్న టాంగల డబ్బ దిక్కు సూసి, "ఈ తొవ్వకు టాంగలే లేవా?" అని అడిగిండు.

"లేవు సాబ్" అన్న. తుకారాం అన్న నేర్పిచ్చిన మాటే అది. అవ్వ కుంటుకుంట పోతుంటె ఆమె పేరు మీద ఒక గింజేసిన. ఇప్పటికీ ఆమె యాదికొస్తే నా మీద నాకే అసయ్యం పుడతది.

ఆ పొద్దుమీకి అడ్డాకు పోయి తుకారాం అన్నకు చెప్పిన.

"అన్నా, మనం టాంగలు బందు పెట్టినం గని జనం కాళ్లు బందు కాలే. ఒక్క దినానికే వెయ్యి గింజలు దాటుతున్నయి."

"నడిచెటోళ్లు పేదోళ్లురా. వాళ్లు టికిటు కొంటరా? సర్కారుకు గంత తెల్వదా?"

"రేపు ఒక అయిదు టాంగలన్న తిప్పుదామే."

"అప్పుడు రెండు డబ్బలు నిండుతయి. నీకు లెక్కలు రావు, నువ్వు గింజలెయ్యి" అన్నడు. తెల్లారి మల్ల పోయి గింజలే ఏసిన.

లెక్క అయినంక సాబ్ డాక్‌బంగ్లా వసారల నక్షా గీసిండు. ఆరేండ్ల కిందటి జనాభా లెక్కలు ముంగటేసుకోని, జనాన్ని బట్టి ఊరికొక గుండ్రం. నిజామాబాద్ జొన్నరొట్టెంత, బోధన్ అరచెయ్యంత, ఎడపల్లి రూపాయి బిళ్లంత. మా అత్తగారూరు చందూర్ అయితే కందిగింజంత. పెండ్లినాడు నన్ను గంత సతాయించిన ఊరు గింతేనా అని జర సంబురమైంది.

అటెన్క తొవ్వ గీసిండు. నూరుమందికి ఒక నూలుపోగు మందం. నేనేసిన గింజలన్ని కలిసి నా బొటనేలంత లావు నల్లగీత అయినయి. ఎడ్లబండ్లకు సన్నగ ఎర్రగీత.

"టాంగలకు ఆకుపచ్చ గీతన్నరు గద సాబ్, అదేది?"

"సున్నకు గీతుండదు లింబయ్యా" అన్నడు. నక్షాను దూరం పట్టుకోని సూసి, "ఇంత జనం, ఒక్క టాంగ లేదు. ఇది సూస్తే రాయి గూడ కరిగి బస్సు పంపుతది" అన్నడు.

అప్పుడన్న నోరు తెరవాల్సింది. తెరవలే.

దసరా అయినంక బస్సొచ్చింది, బస్సెన్క హుకుమొచ్చింది. టేషన్ ముంగటి జాగ నక్షా ప్రకారం పంచిండ్రట. బస్సుకు పెద్ద ముక్క, ఎడ్లబండ్లకు ఒక మూల, టాంగలకు లేదు. జాగ లేని బండి అక్కడ నిలబడితే జుర్మానా. బస్సుతోటి ఎట్లనో బతుకుదుము, అది నిండినంక మిగిలినోళ్లన్న మాకు దొరుకుదురు. నిలబడ జాగ లేకుంటె మా టాంగ ఎవ్వడెక్కుతడు?

సాబ్ మల్ల డాక్‌బంగ్లాల దిగిండని తెలిసి, పదకొండు టాంగలు తోలుకోని దరఖాస్తు పట్టుకోని పోయినం. సాబ్ మమ్ములను కూసోమన్నడు, దరఖాస్తు సదివిండు, నక్షా పరిసిండు.

"ఈ తొవ్వ మీద టాంగలు లేవు గదయ్యా" అన్నడు.

"లేకపోవుడేంది సాబ్? బయట పదకొండు నిలబడ్డయి" అన్నడు తుకారాం అన్న.

సాబ్ లేసి కిటికీ కాడికి పోయిండు. ఒక్కొక్కటి లెక్కవెట్టిండు. మల్ల వచ్చి నక్షా సూసిండు. "నిజమే, పదకొండున్నయి. అయితే నక్షా అయినంక కొత్తగ వచ్చి ఉంటయి. కొత్త బండ్లకు జాగ ఇచ్చే అధికారం నాకు లేదు."

"కొత్తయి కావు సాబ్" అన్న నేను. "మీరు లెక్కవెట్టిన మూడొద్దులు మేమే బందు పెట్టినం. బస్సు రావద్దని."

సాబ్ నా దిక్కు సూసిండు. కోపం కాదు, బాధే కనవడ్డది. "గింజలేసింది నువ్వే. టాంగలు లేవని చెప్పింది నువ్వే. ఇప్పుడున్నయంటున్నవు. నేను ఏ లింబయ్యను నమ్మాలె?"

అడ్డా అంత నా మొఖమే సూసింది. తిన్నింటి వాసాలు లెక్కబెట్టిండని ఎన్క ఎవడో అననే అన్నడు. తుకారాం అన్న వాణ్ని ఆగుమని చెయ్యి సూపెట్టి, సాబ్ ముంగటికి పోయిండు.

"సాబ్, పిల్లగాని తప్పు లేదు. ఉపాయం నాది. మల్ల లెక్క ఎప్పుడు తీస్తరు?"

"జనాభా లెక్కలప్పుడు. ఇంక నాలుగేండ్లున్నది. అప్పుడు టాంగలన్ని తొవ్వ మీద ఉంచుండ్రి, నేనే వచ్చి లెక్కవెడత."

"జాగ లేకుంటె కిరాయి లేదు. కిరాయి లేకుంటె దాణ లేదు. నాలుగేండ్లు గుర్రాలు బతుకుతయా సాబ్?"

సాబ్ నిజంగనే ఆలోచించిండు. పుస్తకం తెరిచి, మూసి, నెమ్మదిగ చెప్పిండు.

"బతకకపోతే అప్పుడు గూడ సున్ననే వస్తది. నక్షా మార్చే పని పడదు."

తుకారాం అన్న బయటికొచ్చి తన గుర్రం మెడ మీద చెయ్యేసి నిలబడ్డడు. నాకు ఏడుపొచ్చింది. ఆయన ముంగట ఏడిసే మొఖం గూడ లేకపాయె నాకు.